జీతం మేడం

ఆర్టీసీ నుంచి రిటైరైన రోజు యూనిఫాం విప్పాను గానీ మెడలోని విజిల్ విప్పలేదు. బస్సులో అంతకాలం "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన గొంతు ఇంట్లో కూచుంటే ఊరుకుంటుందా? మా ఆవిడ, పేరు చిన్నమ్మ, వంటింట్లోకి పోతుంటే ఆమెను కూడా ముందుకు జరగమన్నానట. "బడి వెనక గ్రౌండుకు పో. నీ అరుపులకు గీ ఇల్లు సాలదు" అని ఆవిడే తరిమింది. అప్పటి నుంచి మా ఊరి జములమ్మ యూత్ వాలీబాల్ క్లబ్బుకు సెక్రటరీ, కోచ్, రెఫరీ అన్నీ ఈ నర్సింహులే.

మా ఊరు ఆత్మకూరు పక్కన. క్లబ్బు అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. రెండు ఇనుప స్తంభాలు, ఒక నెట్టు, నా మంచం కింద రెండు బంతులు. ఇస్రాయేలు కౌలుకు పట్టిన చేను నుంచి సాయంత్రం ఇంటికి పోతూ కోర్టు మీద నీళ్లు చల్లేవాడు. కరెంటు పని చేసే శ్రీశైలం నెట్టు కట్టి లైట్లు వేసేవాడు. ఇస్రాయేలు భార్య రూతమ్మ నిమ్మకాయ నీళ్ల బిందె తెచ్చి పెట్టేది. వీళ్లకు ఎవరూ పని చెప్పలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. నేను మాత్రం అందరినీ తిట్టేవాణ్ణి. అది నా వంతు పని.

ఇట్లా హాయిగా నడుస్తున్న బండికి సుదర్శన్ అడ్డం వచ్చాడు. ఒకప్పుడు మా గ్రౌండులోనే ఆడిన పిల్లవాడు, ఇప్పుడు గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి. దసరాకు కారులో దిగాడు. గ్రౌండు చుట్టూ ఒకసారి తిరిగి నా పక్కన కూచున్నాడు.

"కాకా, క్లబ్బును జర పద్ధతిగ నడపాలె. జీతమిచ్చి ఒక మేనేజర్‌ను పెడదాం. జీతం సంగతి నేను చూస్కుంట" అన్నాడు.

"ఇన్నేండ్లు పద్ధతి లేకనే నడిచిందారా?"

"కోపం చెయ్యకు కాకా. ఎండలు ముదరకముందు మూడు జిల్లాల టోర్నమెంటు మనూర్లనే పెడదాం. అది మంచిగ జరిగితే ఆ మేనేజర్‌ను ఉంచుకుందం. జరగకపోతే పంపిచ్చి, క్లబ్బు మల్ల నీ చేతుల్లనే పెడ్త."

ఆ చివరి మాటను నేను తువ్వాల అంచుకు ముడేసుకున్నాను.

వారం తిరక్కుండా అర్చన వచ్చింది. తెలకపల్లి పిల్ల. యూనివర్సిటీ జట్టుకు ఆడిందట, ఆ తర్వాత క్లబ్బులు ఎట్లా నడపాలో హైదరాబాద్‌లో చదివిందట. క్లబ్బు నడపటానికి కూడా చదువు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. స్కూటీ దిగి, టోపీ తీసి, "నమస్తే సార్, బంతులు మీ దగ్గర ఉన్నయంట గదా" అంది. మంచం కింద నుంచి తీసి ఆమె చేతిలో పెడుతుంటే బిడ్డను అత్తగారింటికి పంపుతున్నట్టు అయింది. విజిల్ మాత్రం ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. అడగనందుకు ఇంకా మండింది.

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను, లేకపోతే చిన్నమ్మ నన్ను ఈ కథ చెప్పనివ్వదు. ఆ పిల్ల వచ్చిన కొద్దికాలానికే మా ఊళ్లో ఆడపిల్లల జట్టు తయారైంది. ఇల్లిల్లూ తిరిగింది. తల్లుల పక్కన మంచం మీద కూచుని, పోసిన ఛాయల్లా తాగి, "పొద్దుగూకకముందే మీ బిడ్డను మీ గడపల దించి పోత" అని మాటిచ్చింది, దించింది కూడా. బడి వెనక పాడుబడిన గదిని ఊడ్పించి, పరదా కట్టించి, బట్టలు మార్చుకోను జాగా చేసింది. రూతమ్మ కూతురు రెబెకాను కెప్టెన్‌ను చేసింది. ఆ రెబెకా చిన్నప్పటి నుంచి గోడ దగ్గర పుస్తకాల సంచితో నిలబడి మా ఆట చూసేది. బంతి ముళ్లకంపలో పడితే తెచ్చి ఇమ్మని అరిచేవాణ్ణే తప్ప, గీత లోపలికి పిలవాలని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఇప్పుడు ఆ పిల్ల బంతి కొడితే నెట్టు అవతల దుమ్ము లేస్తోంది.

అంతా బాగానే ఉంది గానీ, మేడం వచ్చిన కొద్ది రోజులకే ఇస్రాయేలు నీళ్లు చల్లడం మానేశాడు. శ్రీశైలం నెట్టు ముట్టుకోవడం లేదు. రూతమ్మ బిందె గ్రౌండు దాకా రావడం లేదు. అర్చన ఒక్కతే పైపు పట్టుకుని నీళ్లు చల్లేది, స్టూలెక్కి నెట్టు కట్టేది, స్కూటీ మీద కాళ్ల దగ్గర నీళ్ల క్యాను పెట్టుకుని వచ్చేది. ఇంతమంది పనీ ఒక్క మనిషి చేస్తుంటే ఊరంతా గోడ మీద కూచుని చూసేది.

నా సంతోషం ఏమని చెప్పను! ఊరు ఊరంతా నా కోసం సమ్మె కట్టిందనుకున్నాను. ఛాయ్ హోటల్ దగ్గర ఇస్రాయేలు కనిపిస్తే భుజం తట్టాను.

"మంచి పని చేసినవురా ఇస్రాయేలు."

"ఏం చేసిన అన్నా?"

"నీల్లు చల్లుడు బందు పెట్టినవు గదా, నా కొరకు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నీ కొరకెందుకు బందు పెడ్తనే? మేడంకు జీతమిస్తుండ్రు గదా. జీతమున్న మనిషి పనిల మనం చెయ్యి పెడితే గామె పొట్ట కొట్టినట్టు కాదా? 'గీమెతోని ఏం అయితలేదు, ఊరోల్లే చేసుకుంటుండ్రు' అని సుదర్శన్ అనుకుంటే ఏంగావాలె? పాపం, మంచి పిల్ల. నా బిడ్డకు ఆట నేర్పిస్తుంది."

నేను ఛాయ్ గ్లాసు కింద పెట్టాను. వాడు చెప్పింది నాకు తెలియని సంగతి కాదు. ఇస్రాయేలు తండ్రి పెద్ద రైతు ఇంట్లో ఏడాది జీతానికి ఉన్న మనిషి. జీతగాడి చేతిలో పార ఉంటే దాన్ని ఇంకొకరు అందుకోరు. అందుకున్నారంటే రేపటి నుంచి రావద్దని చెప్పడమే. అందుకే మా ఊరివాళ్లు ప్రేమతో, మర్యాదతో ఆ పిల్లను పనిలో ముంచి గోడ మీద కూచున్నారు. సమ్మె లేదు, నా మొహమూ లేదు.

మర్నాడు పొద్దున ఆమె నెట్టు కడుతుంటే దగ్గరికి పోయాను. "ఎవరినన్న తోడు పిలుచుకోరాదా?" అన్నాను.

"ఎట్ల పిలుస్త సార్?" అంది, తాడు ముడి లాగుతూ. "జీతం తీసుకునేది నేను. వాల్లు పొద్దంత చేన్ల కష్టపడి వస్తరు. నా పని వాల్లతోని ఉత్తగ చేయించుకుంటే నాకు సిగ్గు గాదా? అయినా నేనొచ్చినంక వాల్లు దూరం జరిగిండ్రు. నేనంటే ఇష్టం లేదేమో."

ఇటు మర్యాద, అటు మర్యాద, మధ్యలో గ్రౌండు ఎండిపోతోంది. రెండు వైపుల సంగతీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పితే ఏదో ఒక దారి దొరికేది. విప్పలేదు. తువ్వాల ముడి గుర్తుంది మరి. ఇంటికి వచ్చి చిన్నమ్మతో ఈ సంగతి చెప్పి నవ్వబోతే ఆమె నవ్వలేదు. "టోర్నమెంటు ఖరాబైతే గా మేడం పోతది. మేడం పోతే ఏ తల్లన్న పిల్లను పంపుతదా? గా బంతులు మల్ల నీ మంచం కిందికి రావాలెనని ఆ పిల్లల ఆట బందు చేపిస్తవా?" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

టోర్నమెంటు ముందు రోజు సాయంత్రం కాలం కాని కాలంలో వాన దంచి కొట్టింది. తెల్లారి గ్రౌండుకు పోయి చూస్తే కోర్టు కోర్టంతా బురద. గద్వాల, నాగర్‌కర్నూలు జట్లు అప్పటికే బయల్దేరాయని ఫోన్లు వస్తున్నాయి. అర్చన ఒక్కతే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బడి గోడ పక్కనున్న ఇసుక కుప్ప నుంచి తట్టతో ఎత్తి మోస్తోంది. రెబెకా తట్ట అందుకోబోతే, "నువ్వు ఆడాలె, కాల్లు గుంజుతయ్, పో" అని తరిమేసింది. ఊరంతా గోడ వెంబడి నిలబడి ఉంది. ఒక్కరి మొహంలో కళ లేదు. రూతమ్మయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేనూ వాళ్ల మధ్యనే ఉన్నాను. కోరుకున్నది జరుగుతోంది గదా. కాసేపట్లో జట్లు దిగుతాయి, సుదర్శన్ దిగుతాడు, బురద చూస్తాడు, సాయంత్రానికి బంతులు నా మంచం కిందికి చేరుతాయి. అంతలో అర్చన కాలు జారి తట్టతో సహా బురదలో కూలబడింది. ఒక్కసారి రోడ్డు వైపు చూసింది. ముంజేత్తో మొహం తుడుచుకుని, ఒలికిన ఇసుకను మళ్లీ చేతులతో తట్టలోకి ఎత్తుకోసాగింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

విజిల్ నోట్లో పెట్టుకుని ప్రాణం పెట్టి ఊదాను.

"ఏం జూస్తుండ్రు? సీన్మానా?" అని అరిచాను. "గామెకేమో మీతోని ఉత్తగ చేయించుకోనీకె సిగ్గంట! మీకేమో గామె పనిల చెయ్యి పెట్టనీకె భయమంట! మీ మర్యాద పాడుగాను, మీ ఇద్దరి నడుమ పిల్లల ఆట మునుగుతుంది!"

రూతమ్మ కొంగు దించింది. "సిగ్గంటనా? మేడం మమ్ముల పిలవంది మేమంటే గిట్టక కాదా?"

"గిట్టకుంటే మీ అందరి ఇండ్లల్ల ఛాయ్ ఎందుకు తాగుతది?"

రూతమ్మ చీర ఎగదోపి తిన్నగా బురదలోకి దిగింది. అంతవరకూ మేడం అనే తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి, అర్చన ముందు నిలబడి, "బిడ్డా" అంది. "సోమారం మా పల్లి చేను పీకాలె. మనుషులు దొర్కక పరేషాన్ అయితుంది. బదులుకు వస్తవా?"

మా దిక్కు బదులంటే కూలీ లేదు, జీతం లేదు. ఇవాళ నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు. బదులు చేసుకునేవాళ్లలో ఎక్కువా తక్కువా ఉండదు. అది ఎవరి పొట్టా కొట్టే పని కాదు, ఎవరూ సిగ్గుపడే పనీ కాదు. నిండుగా సంసారం చేసుకునే ఇళ్లన్నీ బదులు మీదే నడుస్తాయి.

తెలకపల్లి రైతు బిడ్డకు ఆ మాట విడమర్చి చెప్పాలా? అర్చన బురద మొహంతో రూతమ్మను చూసింది, గోడ దగ్గరి మమ్మల్ని చూసింది. ఆ తర్వాత నవ్వింది. వచ్చిన నాటి నుంచి అంత గట్టిగా నవ్వగా నేను చూడలేదు.

"వస్త పెద్దమ్మా. ఎంతమందిమి రావాలె?"

"గియ్యాల గీ బురదల ఎంతమందిమి దిగుతమో గంతమంది."

"అయితే జట్టునంత తోల్కొస్త!"

అంతే, గోడ ఖాళీ అయింది. "మేడం, మా మిరపకాయ ఏరాలె" అంటూ ఒకరు, "మా మనుమనికి లెక్కలు వస్తలేవు, చెప్తవా తల్లీ" అంటూ మా పక్కింటి సత్యమ్మ, "నా కరెంటు దుకాణానికి ఫోన్లనే పైసలు పడేటట్టు చేసియ్యాలె" అంటూ శ్రీశైలం, ఎవరి బదులు వాళ్లు అరిచి చెప్పుకుంటూ దిగారు. ఎవరి ఇంటి తట్ట వాళ్లు తెచ్చారు. ఇస్రాయేలు ఎక్కడి నుంచో ట్రాక్టరు పిలిపించి ఇసుక దింపించాడు. నేను గట్టున నిలబడి అందరినీ తిట్టాను. ఇన్నాళ్లకు నోటి దురద తీరింది. గద్వాల పిల్లలు బస్సు దిగేసరికి కోర్టు సున్నం గీతలతో సహా తయారుగా ఉంది, మేం మాత్రం గుర్తుపట్టలేని అవతారాల్లో ఉన్నాం.

ఆట సంగతి అంటారా? మా మగపిల్లలు తొందరగానే ఇంటిదారి పట్టారు. ఆడపిల్లలు గద్వాల మీద గెలిచారు, నాగర్‌కర్నూలు చేతిలో ఓడారు. ఓడింది నా వల్లేనట. గీత మీద పడ్డ బంతిని బయటన్నానని రెబెకా ఇప్పటికీ దెప్పుతుంది. నాకు కనిపించింది నేను ఊదాను. సొంత ఊరని గీతను అటూ ఇటూ జరుపుతానా?

సాయంత్రం కప్పులు ఇవ్వడం అయ్యాక సుదర్శన్ నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"కాకా, నేనే తప్పుగ ఆలోచించిన. ఊరు ఊరంత ఉత్తగనే గింత పని చేస్తుంటే జీతమిచ్చి మేనేజర్ ఎందుకు? మేడంకు మంచిగ చెప్పి పంపిచ్చేద్దం. మల్ల నువ్వే చూస్కో" అన్నాడు.

కొంచెం అవతల అర్చన నెట్టు విప్పుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. తల మాత్రం ఇటు తిప్పలేదు. తువ్వాలకు ముడేసుకుని తిరిగిన మాట దానంతట అదే నా ఎదురుగా వచ్చి నిలబడింది. సరే అంటే చాలు. కానీ ఏం చెప్పమంటారు, వాడన్న ఆ "ఉత్తగనే" మాట వినగానే నాకు తిక్క రేగింది.

"ఉత్తగ ఎవడు చేసిండురా?"

సుదర్శన్ బిత్తరపోయాడు. "అంటే... జీతం లేకుండ..."

"మేం చేసింది బదులు! ఊరోల్లందరి పని ఆ పిల్ల నెత్తిన ఉంది. రూతమ్మ పల్లి చేను పీకాలె, సత్యమ్మ మనుమనికి లెక్కలు చెప్పాలె, మిరపకాయ ఏరాలె. బదులు తీర్చకముందే మనిషిని ఊరు దాటిస్తరా ఎవరన్న?"

"సరే కాకా, కోపమెందుకు? గవన్ని తీరినంకనే పంపుదం. ఎప్పటికి తీరుతయ్?"

"తీరయ్. గామె ఒకటి తీర్చేలోపల మేం ఇంకోటి ఎక్కిస్తం. ఇనురా సుదర్శన్, నీల్లు చల్లుడు, ఇసుక మోసుడు, నెట్టు కట్టుడు మాకు వస్తది. గవి మేం చేస్తం. ఇన్నేండ్లు నేను గీడ నిలబడి అరిస్తే ఒక్క ఆడపిల్ల గీత లోపలికి రాలే. గీ పిల్ల వచ్చినంక వచ్చిండ్రు. గది ఉత్తగ అయ్యే పని కాదు, మాతోని అయ్యే పని కాదు. నీ జీతం గదానికి ఇయ్యి."

ఎప్పుడు వచ్చిందో, నా వెనక నుంచి రూతమ్మ అందుకుంది. "గా బిడ్డను పంపితే నా బిడ్డ ఇంట్లనే కూసుంటది. మల్ల నీ ఇష్టం సుదర్శనూ." ఆమె వెనక తల్లులందరూ ఉన్నారు, కొందరి చేతుల్లో ఇంకా తట్టలు ఉన్నాయి.

సుదర్శన్ రెండు చేతులూ పైకెత్తాడు. "నన్ను కొడ్తరా ఏంది? ఉంచుకుందం తల్లీ, ఉంచుకుందం!"

అర్చన నెట్టు విప్పుతూనే ఉంది. దగ్గరికి పోయి రెండో కొస పట్టుకున్నాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, నావీ ఏమంత పొడిగా లేవు. ఇద్దరం నెట్టు మడతపెట్టాం.

సోమవారం జట్టంతా రూతమ్మ చేనులో దిగింది. నాకు నడుం వంగదు కాబట్టి గట్టు మీద నిలబడి అరవడానికి పోయాను. అర్చన చాళ్లు పట్టి పీకుతుంటే రూతమ్మే ఆమెను అందుకోలేకపోయింది. మధ్యాహ్నం చిన్నమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. చెట్టు నీడన అందరం తింటుంటే అర్చన నా వైపు తిరిగింది.

"పెద్దనాయనా, అందరు ఏదో ఒకటి అడిగిండ్రు. మీరే ఏం అడగలే. మీకేం బదులు చెయ్యాలె?"

సార్ పోయి పెద్దనాయన ఎప్పుడు అయ్యానో నాకు తెలియదు. "నాకేముంది బిడ్డా, చేను లేదు, చెలక లేదు. పింఛనొస్తది, చిన్నమ్మ బువ్వ పెడ్తది" అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఇన్నాళ్లు లోపల దాచుకున్నది బయటికి వచ్చేసింది. "పొద్దుగాల లేస్తే పోనీకె ఒక జాగ గావాలె నాకు. గంతే."

చిన్నమ్మ రొట్టెల మూట వైపు వంగి ఏదో సర్దుకుంటున్నట్టు కూచుంది. పిల్లలు నమలడం ఆపారు. అర్చన ఓదార్పు మాటలేం చెప్పలేదు, చెప్పి ఉంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి.

"అయితే మంచిగైంది" అంది. "వచ్చే ఐతారం గద్వాలల మ్యాచ్. పిల్లలను బస్సుల తోల్కపోవాలె. పెద్దమనిషి ఎంట ఉంటెనే పంపుతమని తల్లులు అంటుండ్రు. ఇగ నుంచి యాడ మ్యాచ్ ఉన్నా తీస్కపోవుడు, తీస్కొచ్చుడు మీరే చూడాలె. బస్సుల సంగతి మీకు తెలిసినట్టు నాకు తెల్వదు."

"గింత ఆలిస్యంగనా అడిగేది!" అని కసిరాను. కసరకపోతే ఏడ్చేవాణ్ణి.

ఆదివారం ఆత్మకూరులో గద్వాల బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు గదా, కుర్ర కండక్టరు జట్టంతటికీ, అర్చనకూ జీరో టికెట్లు చించి ఇచ్చి నా దగ్గరికి వచ్చాడు. జేబులు తడుముకున్నాను. చొక్కా మార్చినప్పుడు, రిటైరైనందుకు ఆర్టీసీ ఇచ్చిన పాస్ ఇంట్లోనే ఉండిపోయింది. బతుకంతా టికెట్టు లేనివాళ్లను పట్టుకున్న మనిషిని, మొత్తం జట్టులో టికెట్టు కొన్నది నేనొక్కణ్ణే. రెబెకా నవ్వాపుకోలేక కిటికీ బయట తల పెట్టింది. తల లోపల పెట్టమని తిట్టాను.

జూరాల దగ్గర జనం విరగబడి ఎక్కారు. మెట్ల మీద వేలాడుతున్నారు, లోపల మాత్రం ఎవరూ కదలడం లేదు. పాపం, ఆ కుర్ర కండక్టరు గొంతు ఎవరికీ వినిపించడం లేదు. నేను అర్చన వైపు చూశాను.

"కానియ్యుండ్రి పెద్దనాయనా" అంది.

లేచి నిలబడి విజిల్ ఊదాను. "ముందుకు జరగండి!"

బస్సంతా కదిలింది. అందరికంటే ముందు నా జట్టు జరిగింది.